దసరాకి కడిగేసిన గూడ్సు పెట్టె

నా చిన్నప్పుడు మా ఇంట్లో శుభ్రం చేయడానికి అందరూ కష్టపడేవారు, మురికి చేయడానికి కష్టపడింది నేనొక్కదాన్నే. అందుకే ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మేముండేది లండన్‌లో. ఇంగ్లండులోది కాదు, కెనడాలో ఒంటారియోది. నాన్నగారు అక్కడ హాస్పిటల్లో డాక్టరు. పక్కింటి పెద్దాయన రిటైరైనవాడు, పిల్లల్లేరు. ఆయన బేస్‌మెంట్ నిండా బల్లలు, బల్లల నిండా పట్టాలు, వాటి మీద అరచేతిలో పట్టేటంత రైళ్ళు. బొగ్గు గనుల ఊరు ఒకటి కట్టుకున్నాడు. అక్కడ తిరిగే ప్రతి రైలు పెట్టె తుప్పు పట్టి, మసిబారి, అచ్చం నిజం బండిలా ఉండేది. నేను రోజూ వెళ్ళి గుడ్లప్పగించి చూసేదాన్ని. ఒకరోజు ఆయన చెప్పుల డబ్బా నిండా విరిగిపోయిన పాత పెట్టెలు నా చేతిలో పెట్టాడు. ఒకటి బాగుచేసి తీసుకొస్తే, దసరా తర్వాతి ఆదివారం తన స్నేహితులంతా వచ్చినప్పుడు అందరి రైళ్ళతో పాటు నడుపుతానన్నాడు. కాకపోతే ఒక్కటే షరతు. కొత్త బొమ్మలా మెరిస్తే మాత్రం పట్టాలెక్కనివ్వడట.

ఆ పెట్టెతో నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. కొక్కెం అతికిస్తే చక్రం ఊడేది, చక్రం బిగిస్తే కొక్కెం విరిగేది. జిగురు పెట్టెకి తప్ప నా పది వేళ్ళకీ అంటుకునేది. షాపులో అమ్మే రంగు సీసాలు కొనిపెట్టమంటే అమ్మ వినిపించుకునేది కాదు. దాంతో ఇంట్లో దొరికినవే గతి అయ్యాయి. మెరుపు చావడానికి టాల్కం పౌడరు, తుప్పుకి ఇటుక పొడి, మరకలకి కాఫీ డికాక్షన్, నల్లదనానికి దీపం మసి. పూసి, తుడిచి, మళ్ళీ పూసి, తలప్రాణం తోకకొచ్చాక పెట్టె ఒక దారికొచ్చింది. ఆరడానికి కిటికీ గట్టు మీద పెట్టి, శుక్రవారం నిశ్చింతగా స్కూలుకి వెళ్ళాను.

ఆ శుక్రవారం ఆయుధపూజ. మా మేనత్త ఆ ఏడాది రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. అత్తయ్య మడిగా వంటింట్లోకి దిగిందంటే గిన్నెలు కూడా భయపడేవి. పూజకి ఇంట్లో పనిముట్లన్నీ పోగేసింది. నాన్నగారి స్టెతస్కోపు, కుట్టుమిషను, వాక్యూమ్ క్లీనరు, ఒక్కటీ వదల్లేదు. కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. కిటికీలో నా పెట్టె కనబడింది. చక్రాలున్నాయి కాబట్టి అదీ వాహనమే. దేవుడి ముందు పెట్టాలంటే అంత మురికిగా ఎలా పెడుతుంది? సబ్బుపొడి, పాత టూత్‌బ్రష్ తీసుకుని సందులన్నీ తోమి, ఇత్తడి చక్రాలకి చింతపండు రాసి, పసుపు పూసి బొట్లు పెట్టింది.

నేను స్కూలు నుంచి వచ్చేసరికి అది దేవుడి ముందు తళతళలాడుతోంది. నేను చేసిన పనిలో ఒక్క మరక మిగల్లేదు. ఎల్లుండే ఆదివారం. ఇల్లెగిరిపోయేలా ఏడ్చాను. అప్పుడు నాకు అసలు కంటే కొసరు కోపం ఎక్కడొచ్చిందంటే, ఒక్కరూ నా వైపు మాట్లాడలేదు. పెద్దావిడ, తెలియక చేసింది, పోనీలే అన్నారు. పోనీలే ఏమిటి పోనీలే? పోయింది నాది కదా! అత్తయ్య అయితే మరీనూ.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? కోరి మురికి పూసుకునే పిల్లని నిన్నే చూశానే అమ్మడూ!" అంది.

నేను అన్నం మానేసి పడుకున్నాను. ఆవిడ నా కంచం ముందు చాలాసేపు కూర్చుందని అమ్మ తర్వాత చెప్పింది.

శనివారం పొద్దున్నే, "ఏరా, ఈ ఊళ్ళో అసలు గూడ్సు బండి ఎక్కడ కనిపిస్తుంది?" అని నాన్నగార్ని అడిగింది. నాన్నగారు మమ్మల్ని కారులో రైల్వే గేటు దగ్గరకి తీసుకెళ్ళారు. చీర మీద నాన్నగారి కోటు, మేజోళ్ళ మీద చెప్పులు, చలికి వణుకుతూ అత్తయ్య కంచె పట్టుకుని నిలబడింది. ఒక బండి వెళ్ళింది. పోదాం అంటే ఇంకోటి రానీ అంది. అవతల నా పెట్టె తెల్లమొహం వేసుకుని కూర్చుంది, పొద్దు పోతోంది, ఈవిడ తీరుబడిగా బండ్లు చూస్తోంది!

ఇంటికి రాగానే మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ బేస్‌మెంట్ మెట్లు దిగి, నా పక్కన నేల మీద చతికిలబడింది. మసి గిన్నె దగ్గరకి లాక్కుంది. అలవాటు పోతుందా? నేను ఒక మరక వేస్తే ఆవిడ కొంగుతో తుడిచేసేది. "అత్తయ్యా!" అని అరిచేదాన్ని, చెయ్యి వెనక్కి తీసుకునేది. ఇలా కాదని చివరికి కొంగు నడుముకి దోపుకుంది.

"నువ్వు ముందు వేసింది మురికిలా లేదే, అట్టు మీద పిండిలా అంతటా ఒక్కలాగే పులిమావు. తోమేటప్పుడు ఏ మూల చివరిదాకా వదలదో, మురికి ముందు అక్కడ చేరుతుంది. నిన్న ఈ తలుపు అంచు కిందే నా వేళ్ళు నొప్పెట్టాయి. అక్కడ పెట్టు. మనుషులు చెయ్యి వేసి లాగేచోట వదిలెయ్, అక్కడ అరిగి నున్నగా ఉంటుంది. ఇందాక చూడలా?"

నేను చూడలేదు. నేను ఆవిణ్ణి తిట్టుకుంటూ నిలబడ్డాను. చెప్పినట్టు చేశాను, మొహం మాత్రం ముడుచుకునే. సాయంత్రానికి అత్తయ్య గోళ్ళ నిండా మసి. మడి కట్టుకునే మనిషి, ఆ చేతులు చూసుకుని మొహం చిట్లించేది, మళ్ళీ ఇటుక పొడి అందుకునేది.

ఆదివారం పక్కింటి బేస్‌మెంట్ నిండా జనం. పెద్దాయన నా పెట్టెని దీపం కిందకి తీసుకెళ్ళి ఆ వైపూ ఈ వైపూ తిప్పి చూశాడు. ఇంజను వెనకాలే తగిలించాడు. అది గని ఊరు చుట్టి వస్తుంటే, అత్తయ్య నా చెవి దగ్గరకి వంగి, "చూశావా, అన్నిట్లోకీ మనదే అసహ్యంగా ఉంది!" అంది. అంత గర్వంగా ఆవిడ ఎప్పుడూ మాట్లాడగా నేను వినలేదు.

తప్పయిపోయిందే అని మాత్రం ఆవిడ ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. ఆ ఒక్క మాట కోసం నేను చాలా ఏళ్ళు మూతి ముడుచుకున్నాను. ఇప్పుడు అదే ఒంటారియోలో మార్కమ్ అనే ఊళ్ళో, మా బేస్‌మెంట్‌లో నేనూ పాత పెట్టెలు బాగుచేస్తుంటాను. జిగురు ఇప్పటికీ నా వేళ్ళకే అంటుకుంటుంది, కోపం ఇప్పటికీ ముక్కు మీదే ఉంది. ఈ దేశంలో ఎవరైనా మన కాలు తొక్కితే మనమే సారీ అంటాం, అంత చవక ఆ మాట. అత్తయ్య దాన్ని అననేలేదు. తనకి రోత పుట్టే పనిని, నొప్పి మోకాళ్ళతో, రోజంతా నా పక్కన కూర్చుని చేసింది. అందుకే ఇంట్లో ఎవరి పనైనా నా వల్ల చెడితే, సారీ చెప్పేసి లేచి వెళ్ళిపోవడానికి నాకు కాళ్ళు రావు. ఆ పని నాకు గిట్టకపోయినా పక్కన కూర్చుంటాను. లోపల తిట్టుకుంటూనే, అయ్యేదాకా కూర్చుంటాను.