కాలువ వేళలకు నడిచిన బడి

టీచరమ్మ పోయిందన్న కబురు మా ఊరి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పొద్దున రొయ్యలకు మేత వేయించి, గుంట కట్ట మీద నిలబడి ఫోను చూసుకుంటున్నాను. నెల్లూరు ఆసుపత్రిలో, గుండె ఆగి పోయిందట. కింద వరసగా దండాల బొమ్మలు. నేనూ ఒక దండం పెట్టి ఫోను జేబులో వేసుకున్నాను. నాలుగడుగులు వేశాక గానీ ఎవరికి దండం పెట్టానో తట్టలేదు. అప్పుడు అక్కడే కట్ట మీద కూలబడ్డాను.

ఆమె గురించి రాసే అర్హత నాకు లేదు. ఆమె దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్ళు రాయాలి. కానీ ఆమె బడి ఎందుకు మూతపడిందో ఊళ్ళో చాలామందికి సగమే తెలుసు. మిగతా సగం నాకు తెలుసు. అందుకని రాస్తున్నాను.

తోటపల్లి గూడూరు మండలంలో సముద్రం వైపున్న చివరి ఊళ్ళలో మాదొకటి. ఊరు దాటితే రొయ్యల గుంటలు, గుంటలు దాటితే ఉప్పుకాలువ, కాలువ గట్టున యానాదుల కాలనీ. మా గుంటలకు కాపలా ఉండేది వాళ్ళే, మా వరిచేలల్లో ఎలుకలు పట్టేది వాళ్ళే. వాళ్ళ పిల్లల పేర్లు ఊరిబడి రిజిస్టరులో ఉండేవి, పిల్లలు మాత్రం కాలువలో ఉండేవాళ్ళు. అలాంటి పిల్లల కోసమని ప్రభుత్వం కాలనీ పక్కనే ప్రత్యేకంగా ఒక బడి పెట్టింది. రేకుల షెడ్డు, ఒక బోర్డు, మధ్యాహ్నం అన్నం, గుడ్డు. దానికి టీచరుగా వచ్చింది మా వీధిలోనే ఉండే టీచరమ్మ.

మొదటి వారం ఆమె ఖాళీ గదిలో కూర్చుని వచ్చింది. రెండో వారం చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని కాలువ గట్టు మీదికి పోయింది. సముద్రం నీళ్ళు వెనక్కి తీసే వేళని మేము పాటు అంటాం, ఎక్కే వేళని పోటు అంటాం. పాటు వేళ కాలువలో నీళ్ళు మోకాటి లోతుకి దిగుతాయి. యానాదుల పిల్లలు అప్పుడే దిగి బురదలో చేతులు పెట్టి చేపలూ పీతలూ పడతారు. ఇంటి కూర అదే. ఆ వేళ పలకా బలపం అంటే ఎవరు వింటారు? పైగా ఆ వేళ ఒకచోట నిలవదు, రోజురోజుకీ ముప్పావుగంట ఆలస్యమవుతూ పోతుంది.

ఆ రోజు సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చింది.

"అబ్బయా, నువ్వు గుంటలకి నీళ్ళు పెట్టుకుంటావు గదా, పోటూ పాటూ ఎన్నింటికో నీకు ముందే తెలిసిపోద్దా?"

"తెలస్తది టీచరమ్మా. తూములు ఎత్తాల గదా, లెక్క రాసి పెట్టుకుంటాం."

"అయితే రేపటి టైము నాకు ఈ రోజే చెప్తా ఉండు. పిల్లకాయల దగ్గిర ఫోన్లేడున్నాయి. నేనే ఆ టైముకి తగ్గట్టు పోతా."

అలా మొదలైంది. మూడేళ్ళపాటు ప్రతి సాయంత్రం ఫోను చేసేది. పాటు పొద్దుటి పూటయితే బడి మధ్యాహ్నం. పాటు మధ్యాహ్నమయితే బడి పొద్దున్నే. నేను టైము చెప్పేవాణ్ణి, ఆమె "సరే అబ్బయా" అని పెట్టేసేది. నాకు ఒక గొప్ప కూడా ఉండేది లోపల, ప్రభుత్వం బడి నా మాట మీద నడుస్తోందని.

ఆమె మోపెడ్ కొక్కేనికి ఎప్పుడూ ఒక సంచి వేలాడేది. అందులో రెండు పాత తువ్వాళ్ళు. కాలువలోంచి తడిగా వచ్చిన పిల్లల తలలు తుడిచాకే పాఠం. గాజులకి పిన్నీసులు గుచ్చుకుని ఉండేది, చిరిగిన గౌనుకి అక్కడికక్కడే ఒకటి తీసి పెట్టేది. సాయంత్రానికి గాజులు బోడిగా ఇంటికి వచ్చేవి. అక్షరాలు అ నుంచి మొదలుపెట్టలేదు. జెల్లతో జ, పీతతో ప, మట్టగిడసతో మ. పట్టుకొచ్చిన చేప పేరు పలక మీద రాస్తేనే ఇంటికి తీసుకుపోనిచ్చేది. ఇదేం చదువు టీచరమ్మా అని నేను నవ్వితే, "పిల్లకాయల్ని పిలవబాకు అబ్బయా, వాళ్ళుండే కాడికి పో" అనేది. ఆ మాట ఎన్నిసార్లు అన్నదో.

మా గుంటల కాపలాదారుడి కూతురు ఆ బడిలో అందరికంటే ముందుండేది. అంతకుముందు ఆ పిల్ల మా కట్ట మీదే ఉండి, డబ్బా వాయిస్తూ కొంగల్నీ నీటికాకుల్నీ తోలేది. బడి వచ్చాక రోజుకో పూట కనబడడం మానేసింది. ఆ పూట కొంగలు దిగేవి. వాళ్ళ నాన్నని కసిరితే, "టీచరమ్మ పంపమనిందయ్యా" అని తల గోక్కునేవాడు. వాళ్ళ నాన్న నన్ను అయ్యా అంటాడు. ఆ పిల్ల అన్నా అనడం మొదలుపెట్టింది. అదీ బడిలో నేర్చిందే. నాకు కొంగలు దిగినందుకు ఎక్కువ కోపం వచ్చిందో, ఆ పిలుపుకి వచ్చిందో, ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ రోజుల్లో పేపర్లలోనూ టీవీల్లోనూ ఇదే రగడ. గిరిజన పిల్లలకి వేరే బళ్ళు పెట్టాలా, అందరితో కలిపి చదివించాలా అని. మా ఊళ్ళో టీకొట్టు దగ్గర అది ఇంకో రంగు తిరిగింది. వాళ్ళకే గుడ్లెందుకు, వాళ్ళకే బట్టలెందుకు అని. చివరికి గ్రామసభలో పెట్టారు. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు, మండలం నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు.

"మా పిల్లకాయలు గూడా బీదోళ్ళే గదా సార్, మాకెందుకు లేదు?" అని ఒకామె నిలదీసింది. ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు. "ఏరే బడంటే ఏరే పంక్తి పెట్టినట్టే" అని ఇంకొకాయన అన్నాడు. అదీ కొట్టిపారేసే మాట కాదు. అప్పుడు వెనక నించున్న మా కాపలాదారుడు, జీవితంలో మొదటిసారి అనుకుంటాను, సభలో నోరు తెరిచాడు.

"అయ్యా, ఊరిబడిలో మా పిల్లోళ్ళని ఎనకమాల నేల మీద కూర్చోబెట్టినారు. ఈడ ముందర కూర్చుంటా ఉండారు. అంతే."

అక్కడితో ఆగిపోతే బడి నిలబడేది. నేను లేచి మైకు అందుకున్నాను. నేను బాగా మాట్లాడతానని ఊళ్ళో పేరు. మనుషులంతా ఒక్కటేననీ, పిల్లల్ని వేరు చేయడం వాళ్ళని అవమానించడమేననీ, అందరూ ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చోవాలనీ చెప్పాను. చప్పట్లు పడ్డాయి. ఆ ఊపులో ఇంకొక్క మాట అన్నాను.

"నేను ఎవరికీ ఎదురు కాదు సార్. ఒక్కటే అడగతన్నా. రేపు పొద్దున పదిగంటలకి మీరు ఆ బడికి పోయి చూడండి. రిజిస్టరులో పిల్లకాయలు రోజూ నిండా ఉంటారు. గదిలో ఒక్కడుంటే నన్నడగండి."

మర్నాడు పదిగంటలకి పాటు. ఆ సంగతి ఆ సభలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. సభకి వచ్చేముందు ఫోనులో టీచరమ్మకి ఆ టైము చెప్పిందే నేను.

ఆమె రెండో వరసలో కూర్చుని ఉంది. ఒకసారి నా వైపు చూసింది. లేచి, ఈ మనిషే నాకు రోజూ టైము చెబుతాడని ఒక్క మాట అంటే నా పరువు అక్కడే పోయేది. అనలేదు. ఒళ్ళో ఉన్న సంచి సర్దుకుని, తల దించుకుంది.

మర్నాడు ఆఫీసరు వెంట మేము పదిమందిమి పోయాం. షెడ్డులో ఆమె ఒక్కతే పలకలు తుడుస్తోంది.

"పిల్లలేరమ్మా?"

"కాలవలో ఉండారు సార్. ఒంటిగంటకి వస్తారు. వచ్చినాక నాలుగున్నర దాకా చెప్తాను. రోజూ అంతే సార్, ఒక్క పూట గూడా తగ్గించలేదు."

"గవర్నమెంటు బడికి కాలవ టైమేందమ్మా?" అన్నాడు ఆఫీసరు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలచుకుంటే సిగ్గుతో ప్రాణం చచ్చిపోతుంది.

ఆయన ఒంటిగంట దాకా ఉండలేదు. నెల తిరక్కుండా ఆ బడిని గుంటల అవతల ఉన్న ఊరిబడిలో కలిపేశారు. పిల్లలు పది రోజులు పోయారేమో. ఒకే బల్ల మీద కూర్చోవాలని మైకులో చెప్పింది నేను, నా కొడుకు మాత్రం ఒక్కరోజూ వాళ్ళ పక్కన కూర్చోలేదు. వాడు అప్పటికే స్కూలు బస్సెక్కి నెల్లూరు కాన్వెంటుకి పోతున్నాడు. కాపలాదారుడి కూతురు తిరిగి కట్ట మీదికి వచ్చింది, డబ్బా పట్టుకుని. తర్వాత కొన్నాళ్ళకి రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పనికి పోయింది. ఖాళీ పడ్డ రేకుల షెడ్డుని పంచాయతీని అడిగి నేనే తీసుకున్నాను. మేతబస్తాలు వేసి తాళం పెట్టాను. గుంటలకి దగ్గర కదా అనుకున్నాను, అంతకుమించి ఏమీ అనుకోలేదు. అది ఇంకా సిగ్గుచేటు.

బడి మూసేసిన సాయంత్రం కూడా ఆమె ఫోను చేసింది. ఎత్తడానికి భయపడ్డాను, ఎత్తాను.

"అబ్బయా, రేపట్నించి టైము చెప్పే పన్లేదులే" అంది. గొంతులో కోపం లేదు. ఆ వెంటే, "తూములు జాగ్రత్త, రేపు పెద్దపోటు" అని పెట్టేసింది.

తర్వాత ఆమెని దొరవారిసత్రం వైపు వేశారు. రోజూ రెండు బస్సులు మారి పోయివచ్చేది. వీధిలో ఎదురుపడితే "బాగుండావా అబ్బయా" అని ఆమే ముందు పలకరించేది. నేను బండి వేగం తగ్గించకుండా తల ఊపి పోయేవాణ్ణి. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అని తేలికపడేవాణ్ణి. ఆదివారాలు ఆమె కాలనీకి పోతోందని విన్నాను గానీ ఎందుకని అడగలేదు. అడిగితే నాకే ఇబ్బంది.

పదకొండో రోజు ఆమె ఇంటి ముందు సంతాపసభ పెట్టారు. ముందు వరసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నా, కాలనీ నుంచి వచ్చినవాళ్ళు షామియానా బయట ఎండలోనే కూర్చున్నారు. వాళ్ళని లోపలికి పిలవాలని ఎవరికీ తోచలేదు. నన్ను మాట్లాడమన్నారు. బాగా మాట్లాడతాను కదా. ఆమె సేవ, ఓర్పు, త్యాగం, అన్నీ చెప్పాను. అసలు మాట గొంతు దాకా వచ్చింది. చప్పట్లు పడగానే మింగేసి కూర్చున్నాను.

భోజనాల దగ్గర కాపలాదారుడి కూతురు విస్తళ్ళు ఎత్తుతోంది. ఇరవై ఏళ్ళకి దగ్గర పడి ఉంటుంది. టీచరమ్మే ఆదివారాలు చెప్పి పదో తరగతి పరీక్ష రాయించిందని, పాసయిందని, పక్కన ఎవరో చెబితే ఆ రోజే తెలిసింది. చేతులు కడుక్కునే చోట ఎవరూ లేనప్పుడు ఆ పిల్ల దగ్గరికి పోయాను.

"నీకో మాట చెప్పాలమ్మా. ఆ రోజు పదిగంటలకి పాటని నాకు తెలుసు. తెలిసే ఆఫీసర్ని పంపినా."

ఆ పిల్ల విస్తళ్ళ కట్ట కింద పెట్టలేదు. "తెలుసులే అన్నా. టీచరమ్మ అప్పుడే చెప్పింది."

"ఏమని చెప్పింది?"

"మా నాయన మీ మీదికి వస్తానంటే ఆపింది. ఆయన్నేమీ అనబాకండి, మూడేళ్ళు మనకి బడి టైము చెప్పింది గూడా ఆయనే గదా అనింది."

కడిగిన చేతులే మళ్ళీ కడుక్కున్నాను. ఆ పిల్లే మళ్ళీ అంది.

"ఆ షెడ్డులో బస్తాలు ఒక పక్కకి సర్దితే, రెండో పక్కన చిన్న పిల్లకాయల్ని కూర్చోబెట్టి నేను చెప్పుకుంటానన్నా. టీచరమ్మ మిమ్మల్ని అడుగుదామనింది. ఇంతలోకే ఇట్టయిపాయ."

నేనేమన్నానో కూడా రాసెయ్యాలి. "చూద్దాంలే" అన్నాను. ఇన్నేళ్ళ సిగ్గు మోసి, ఆమె పదకొండో రోజు అన్నం తిని, నా నోట వచ్చిన మాట అదీ.

తర్వాత మూడో రోజు పొద్దున తాళంచెవి జేబులో వేసుకుని షెడ్డుకి పోయాను. దూరం నుంచే గొంతులు వినబడ్డాయి. ఆ పిల్ల షెడ్డు బయట, పడమటి గోడ నీడలో, ఏడెనిమిది మంది పిల్లల్ని కూర్చోబెట్టుకుని ఉంది. నేను బండి మీదే ఆగిపోయాను. తాళం తీస్తే ఆ పిల్ల సంతోషపడుతుంది, నాకు దండం పెట్టినా పెడుతుంది. ఆ దండం తీసుకునే మొహం నాకు లేదు. అలా ఎంతసేపున్నానో తెలియదు. పొద్దు పైకెక్కే కొద్దీ గోడ నీడ తగ్గుతోంది. పాఠం ఆపకుండానే ఆ పిల్ల చెయ్యి ఊపుతుంది, పిల్లలు గోడ వైపుకి కొంచెం జరుగుతారు. మళ్ళీ కాసేపటికి ఇంకొంచెం. నేను బండి దిగేసరికి నీడ జానెడు మిగిలింది. పిల్లలు నా మేతబస్తాల గోడకి వీపులు ఆనించి, కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, మోకాళ్ళ మీద పలకలు పెట్టుకుని రాసుకుంటున్నారు.