కాలితో తొక్కే సన్నాయి

హనుమకొండ సారంగపాణి కరెంటు గిటారు విని కాజీపేటలో గూడ్సు బండి ఆగిపోయిందని ఒక పుకారు. రైల్వేవాళ్లెవరూ ఇంతవరకు ఒప్పుకోలేదు. మనిషి వెదురుబద్ద. కుడిచేతి గోళ్లు పెంచుతాడు, వాటిల్లో ఇరుక్కున్న మెతుకుల్ని పాత గిటారు తీగతో తీసుకుంటాడు. ఎనభై మూడులో అతని దిగులు ఒక్కటే: కాలితో తొక్కితే గిటారు స్వరాన్ని పైకి జార్చే పెడల్. బొంబాయి ధరకు ఇల్లు అమ్ముకోవాలి. "చవుకల పెడల్ దొరికితే పట్కరా బావా" అని హైదరాబాద్ పోతున్న కట్టయ్యకు చెప్పాడు. కట్టయ్య సైకిల్ పెడల్ తెచ్చాడు. "పెడల్ అంటివి, పెడల్ తెస్తి. నాలుగు రూపాలకే ఇచ్చిండు." సారంగపాణి రెండు రోజులు దాన్ని అటకమీద పడేశాడు. మూడోరోజు ఆ పెడల్‌నే చెక్కకు బిగించి, బ్రేకు వైరుతో గిటారు తీగల చివరలు పట్టుకునే రేకుకు కట్టాడు. తొక్కితే తీగలు బిగిసి స్వరం పైకి జారింది.

నెక్కొండలో అతనికి దొరికిన మొదటి పెద్ద పెళ్లి. అప్పగింతల వేళ పిల్ల మేనమామ రాంచందర్ అడ్డం నిలబడ్డాడు. "సన్నాయి లెక్క ఏడిపిస్తవా, గీ కరెంటు డబ్బ సదురుకోని పోతవా?" సారంగపాణి పెడల్ తొక్కాడు. పెళ్లికూతురు ఏడ్చింది, మగపెళ్లివారు ఏడ్చారు, వంటవాళ్లు గరిటెలు పడేసి ఏడ్చారు. రాంచందర్ తువాలతో ముక్కు తుడుచుకుంటూ, "జర ఆపు తమ్మీ, పిల్లను తోలియ్యాలె" అన్నాడు. ఆ ఏడాది సారంగపాణి లేకుండా వరంగల్ చుట్టుపక్కల ఏ పిల్లా అత్తారింటికి పోలేదు.

నిన్న నేను సారంగపాణినే ఈ సంగతి అడిగితే మూతి తిప్పాడు. "ఎవలు జెప్పిండ్రే నీకు? నా పెడల్ జపాన్ మాల్. సైకిల్ పెడల్ లేదు, బ్రేకు వైరు లేదు. కట్టయ్య ఎవలో నాకెర్కనే లేదు."