అక్క పేరు మీద బియ్యం

మాజీ సైనికుల దవాఖానలో మా అక్క పేరు పిలిస్తే నేను లేచేదాన్ని. నర్సు రెండోసారి పిలవాల్సిన పని లేకుండా మొదటి పిలుపుకే లేచేదాన్ని. మిలిటరీ క్యాంటీన్లో సబ్బులూ నూనె ప్యాకెట్లూ పట్టుకుని బిల్లు దగ్గర నిలబడితే, అక్కడి అమ్మాయి కార్డు మీద పేరు చదివి "మీరేనా అమ్మా?" అనేది. "నేనే" అనేదాన్ని. మా అక్క చనిపోయి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. సిగ్గనిపించలేదా అంటే, అప్పుడు అనిపించలేదు. చవకగా వస్తున్న నూనె ప్యాకెట్టు చేతిలో ఉన్నప్పుడు సిగ్గు ఎక్కడినుంచి వస్తుంది?

నా భర్తను నేను ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. ఆయన ముందు మా అక్క భర్త. అక్క పచ్చకామెర్లతో పోయేనాటికి ఆయన ఎక్కడో సరిహద్దు దగ్గర డ్యూటీలో ఉన్నాడు. టెలిగ్రాం అంది, కాజీపేటలో రైలు దిగేసరికి అన్నీ అయిపోయాయి. అక్క కొడుకు అప్పటికింకా నడక నేర్వలేదు. నేను ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. పిల్లవాడు ఆగమైతడని మా అమ్మ, మా అత్త కూచుని మాట్లాడుకున్నారు. బావ సెలవు అయిపోకముందే పాలకుర్తి గుట్ట మీద గుడిలో నాకూ ఆయనకూ పెళ్లయింది. నన్నెవరూ అడగలేదు. అడిగినా సరేననేదాన్నేమో, ఆ పిల్లవాడు అప్పటికే నా చంక దిగేవాడు కాదు. తర్వాత నాకు పిల్లలు పుట్టలేదు. వాడొక్కడే నా కొడుకు.

పట్టాలం కాగితాల్లో బావ భార్యగా అక్క పేరు రాసి ఉంది. అక్క పోయిందని చెప్పాలంటే మరణ పత్రం కావాలి. ఊళ్లో ఆ చావును ఎవరూ నమోదు చేయించలేదు. మళ్లీ పెళ్లికి వేరే కాగితాలు. తర్వాత చూద్దామన్నాడు బావ. ఆ "తర్వాత"కు మా ఇంట్లో ఆయుష్షు ఎక్కువ. మా అత్త అయితే ఒక్క మాటతో తేల్చేసింది.

"పెండ్లామని రాసున్నకాడ పెండ్లామే ఉన్నది. పేరుదేమున్నది? పేరు తింటదా, తాగుతదా?"

ఆ మాట మా అందరికీ సబబుగానే తోచింది. ఇంటికి ఒక కోడలు పోయి ఇంకో కోడలు వచ్చింది, అంతే కదా అనుకున్నాం.

కానీ పేరుకూ ఆకలుంటుందని ఆ ఏడే తెలిసింది. మా వైపు పెత్రమాస నాడు చనిపోయిన పెద్దలకు బియ్యమిస్తారు. ఒక్కొక్కరి పేరు మీద ఒక్కో విస్తరి. అందులో బియ్యం, పప్పు, చింతపండు, ఒక గుమ్మడి ముక్క. అయ్యగారు పేరు చదువుతుంటే ఇంటివాళ్లు నీళ్లు విడుస్తారు. ఆ రోజు పెద్దలు ఆకలితో వచ్చి వాకిట్లో నిలబడతారంటారు. నేను అక్క కోసమూ ఒక విస్తరి వేశాను. మా అత్త దాన్ని తీసేసింది.

"ఆ పేరు మీద పట్టాలంల నా కొడుకు పెండ్లాం బతికున్నది. బతికున్న ముత్తైదువ పేరు మీద బియ్యమిస్తరా? తుపాకి పట్టుకొని తిరిగేటోనికి ఏమన్నయితే?"

ఆ బియ్యం మళ్లీ డబ్బాలో పోశాను. భయం నాకూ ఉంది. ఆ పేరు ఇప్పుడు నాది కదా, నాకే ఏమన్నా అవుతుందేమోనన్న భయం కూడా అందులో ఉంది. ఆ ఏడు అలా గడిచింది, పై ఏడూ గడిచింది. తర్వాత మా అత్తా పోయింది. ఆమెకు విస్తరి వేశాం, అక్కకు వేయలేదు. ఇప్పుడు కొత్తగా మొదలుపెడితే, ఇన్నేళ్లూ ఇవ్వలేదని ఒప్పుకున్నట్టవుతుంది. అందుకని ఎప్పటికీ మొదలుపెట్టలేదు. మా అమ్మ మాత్రం మేం ఇస్తున్నామనే అనుకుంది. పెళ్లయిన ఆడపిల్లకు అత్తగారింటి బియ్యమే అందుతుందని ఆమె నమ్మకం. మా పుట్టింట్లో మా తమ్ముడు నాన్నకిస్తాడు, తాతకిస్తాడు, అక్కకివ్వడు. ఆ పిల్ల మీ ఇంటి మనిషి కదా అంటాడు.

బావ పట్టాలం నుంచి రిటైరయ్యే ముందు పెన్షన్ కాగితాల కోసం మా ఇద్దరికీ కలిపి ఫొటో తీయించారు. ఫొటో నాది, కింద పేరు అక్కది, పుట్టిన తేదీ అక్కది. సంతకం పెట్టమంటే పెట్టాను. మా అక్కకు చదువు రాదు, ఎక్కడైనా వేలిముద్రే. తన పేరు తాను రాసుకోవడం రాని మనిషి పేరును నేను గుండ్రటి అక్షరాలతో చక్కగా రాశాను. రాత బాగుందని అక్కడున్నాయన మెచ్చుకున్నాడు. నేను నవ్వాను కూడా.

పెన్షన్లన్నీ కంప్యూటర్లోకి మారాక గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది. నా ఆధార్‌లో నా పేరే ఉంది, పెన్షన్ కాగితాల్లో అక్క పేరుంది. అదే ఏడు బావకు గుండెలో స్టెంటు వేశారు. దవాఖాన నుంచి వచ్చిన వారానికే ఇనుప పెట్టెలోంచి పట్టాలం వాళ్లిచ్చిన డిశ్చార్జ్ బుక్కు తీశాడు.

"నేను పోతే నువ్వెవరో నిరూపించుకోలేవే. నడువు, దీన్ని సరిచేయిద్దాం" అన్నాడు.

హనుమకొండలో సైనికుల సంక్షేమ ఆఫీసుకు వెళ్లాం. బావ ఎక్కడికి వెళ్లినా బూట్లు తళతళలాడాలి, చొక్కా మడత నలగకూడదు. ఆ ఆఫీసులో కూచున్నాయన కూడా పట్టాలంలో చేసి వచ్చినవాడే, బావకంటే చిన్నవాడు. మర్యాదగా టీ తెప్పించాడు. పుస్తకం తిరగేశాడు, నా ఆధార్ చూశాడు, నన్ను చూశాడు.

"సాబ్, ఫొటో అమ్మదే. పేరు అమ్మది గాదు. మరి ఈ పేరుగలామె యాడున్నది?"

బావ కుర్చీలోంచి లేచి, పై అధికారి ముందు నిలబడ్డట్టు చేతులు కిందికి పెట్టి నిలబడ్డాడు. "చనిపోయింది" అన్నాడు. ఎప్పుడని అడిగితే చెప్పాడు. ఆయన పెన్ను పక్కన పెట్టాడు. పక్క కుర్చీల్లో ఉన్నవాళ్లు మావైపు తిరిగారు. నాకు తలకొట్టేసినట్టయింది. టీ గ్లాసు చేతిలో ఉంటే తాగాలో కింద పెట్టాలో తెలియలేదు.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే సాబ్?" అని ఆయన మెల్లగానే అడిగాడు. కోపంగా అడిగినా బాగుండేది.

కోర్టు దగ్గర అఫిడవిట్లు రాసే అతను మాకు దగ్గరి దారి చూపించాడు. రెండు పేర్లూ ఒక్క మనిషివేనని రాయించి నోటరీ చేయిస్తే సరిపోతుందట. మరణ పత్రం అక్కర్లేదు, ఆర్డీవో చుట్టూ తిరిగే పని లేదు, ఎవరికీ ఏదీ చెప్పుకోవాల్సిన అవసరం లేదు. "చానామంది గిట్లనే చేస్తాండ్రు అమ్మా" అన్నాడు. నా ప్రాణం లేచివచ్చింది. అతని పెన్ను తీసుకుని ఎక్కడ పెట్టాలో చూపించమన్నాను కూడా.

బావ నా చేతిలోంచి పెన్ను లాక్కున్నాడు. నడి బజార్లో ఆయన నా మీద గొంతు లేపడం అదే మొదలు.

"గట్ల రాస్తె అది పుట్టనే లేదన్నట్టు గాదే? సచ్చిందన్న రాయియ్యాలె గదా దానికి!"

అఫిడవిట్లతను తలదించుకుని కాగితాలు సర్దుకున్నాడు. నేను చెప్పు వేసుకునే నెపంతో వంగి చాలాసేపు అలాగే ఉండిపోయాను. తోడబుట్టినదాన్ని నేను. నాకు రావాల్సిన మాట ఆయనకొచ్చింది.

అసలు దారిలో వెళ్లాలంటే కొడుకు వాంగ్మూలం కావాలి, మా అమ్మ సాక్ష్యం కావాలి. మా కొడుకు కాజీపేట రైల్వేలో పనిచేస్తాడు. కన్నతల్లి వేరని వాడికి చిన్నప్పటినుంచీ తెలుసు. ఊళ్లో అలాంటిది దాగదు. కానీ మా ఇద్దరి మధ్య ఆ మాట ఎన్నడూ రాలేదు. రాసిన కాగితం వాడి ముందు పెట్టాం. నా కన్నతల్లి ఫలానా, నా చిన్నతనంలోనే చనిపోయింది, తర్వాత మా నాన్న ఆమె చెల్లెల్ని పెళ్లి చేసుకున్నాడు, అని ఉంది. వాడు చదివి సంతకం పెట్టాడు. పెన్ను మూత పెడుతూ నావైపు చూశాడు.

"అమ్మా, పెత్రమాసకు ఈ పేరు ఎన్నడూ వినలేదేందే? చిన్నప్పుడు నాయనమ్మను అడిగితే అమ్మమ్మోల్లు ఇస్తరన్నది. ఇస్తాండ్రా?"

"లేదు బిడ్డా" అన్నాను.

"మరి మనం?"

సంతకమైన కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాను. వాడికి అర్థమైంది. టిఫిన్ డబ్బా తీసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. మూడు రోజులు నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. అరిచి గోల చేసి ఉంటే నేను ఏడ్చేదాన్ని, అది అయిపోయేది. వాడు అన్నం తిని కంచం తానే కడిగి బోర్లించి పోయేవాడు. నాలుగో రోజు వంటింటి గడప దగ్గర నిలబడి, "ఈ పెత్రమాసకు నేనిస్త" అన్నాడు. సరేనన్నాను.

అమ్మ దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్లాను. పాలకుర్తి దాటాక చిన్న ఊరు. అమ్మకు ముసలితనం మీద పడింది, చూపు తగ్గింది గానీ చెవులు మాత్రం పాము చెవులే. కాగితంలో ఏముందో చదివి వినిపించాను. తన పెద్దబిడ్డ చనిపోయిందని ఆమె సాక్ష్యం చెప్పాలి. ఇంకు పూసి ఆమె బొటనవేలు నేనే పట్టుకుని కాగితం మీద ఒత్తాను. అమ్మ ఆ వేలిని కొంగుతో తుడుచుకుంటూ అడిగింది.

"బియ్యం మంచిగ ఇస్తాండ్రా బిడ్డా? దానికి గుమ్మడికాయంటె పాణం. గుమ్మడి ముక్క పెద్దది పెడ్తాండ్రా?"

తల ఊపాను. ఊపితే ఆమెకు కనబడదని గుర్తొచ్చి "పెడ్తున్నమమ్మా" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అప్పుడు చెప్పి ఉంటే, మా ఇద్దరి మధ్యే తిట్టేది, కొట్టినా కొట్టేది. నేను భయపడ్డాను. ఇంత వయసొచ్చాక కూడా అమ్మకు భయపడ్డాను.

"ఈసారి నేనొస్త. ముందుకు ఉంటనో పోతనో. దానికిచ్చేది ఒక్కసారి వింట" అంది అమ్మ. వద్దనడానికి నా దగ్గర ఏ సాకూ లేకపోయింది.

కాగితాలు ఆర్డీవో దగ్గరినుంచి ఆఫీసుకు, ఆఫీసునుంచి రికార్డుల వాళ్లకు, అక్కడినుంచి వెనక్కి తిరిగి తిరిగి, చివరికి పని అయింది. సరిచేసిన కాగితం వచ్చినరోజు బావ దాన్ని నాకిచ్చి చదవమన్నాడు. మొదటి భార్య మృతి అని ఉంది. దాని కింద నా పేరుంది. సంతోషపడాల్సిన రోజే. బావ స్వీటు తెచ్చాడు గానీ ఆ డబ్బా ఎవరూ విప్పలేదు, మర్నాడు పక్కింటి వాళ్లకిచ్చేశాం.

పెత్రమాస వచ్చింది. కొడుకు పొద్దున్నే కారు మాట్లాడుకుని వెళ్లి అమ్మమ్మను తీసుకొచ్చాడు. ఆమెను వరండాలో కుర్చీలో కూచోబెట్టాం. మా ఇంటికి వచ్చే అయ్యగారు ఏళ్ల తరబడి ఆయనే. మా ఇంటి పెద్దల పేర్లన్నీ ఆయనకు నోటికొచ్చు. ఆయనకు ముందే ఫోన్ చేసి సంగతి చెప్పుకోవాలని రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. చెప్తే ఆయన ముందు కూడా పలచనవుతాననిపించింది. పెట్టేశాను.

విస్తళ్లు వరుసగా వేశాను. అక్క విస్తట్లో గుమ్మడి ముక్క పెద్దది పెట్టాను. అయ్యగారు మా మామ పేరు చదివాడు, అత్త పేరు చదివాడు, బావ నీళ్లు విడిచాడు. ఆఖరి విస్తరి దగ్గరికి కొడుకు వచ్చి కూచుని కన్నతల్లి పేరు చెప్పాడు. అయ్యగారు తలెత్తాడు.

"ఈ పేరు కొత్తగ వింటున్న. ఈ ఏడే కాలం చేసిన్రా?"

పాపం, ఆయన మామూలుగానే అడిగాడు. వరండాలో కుర్చీ కిర్రుమంది. కొడుకు నా మొహంలోకి చూశాడు. ఏం కనబడిందో గానీ వెంటనే అయ్యగారి వైపు తిరిగాడు.

"ఔనయ్యగారు. ఈ ఏడే."

కన్నతల్లి విస్తరి ముందు కూచుని, నన్ను కాపాడడానికి వాడు అబద్ధమాడాడు. ఆఫీసులో నలుగురు తిరిగి చూసినప్పుడు, బజార్లో బావ కసిరినప్పుడు పడ్డ సిగ్గు దీని ముందు ఏ మూలకూ రాదు. నా పెంపకం వాడి చేత ఈ మాట అనిపించింది. ఇంక ఆగలేకపోయాను.

"కాదు అయ్యగారూ. అక్క పోయి ముప్పై ఏండ్లు దాటింది. మేమే ఇయ్యలే. ఒక్కసారి గూడ ఇయ్యలే" అన్నాను. అమ్మకు వినబడేట్టే అన్నాను.

బావ చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అమ్మ గోడ పట్టుకుని లేచి, తడుముకుంటూ వచ్చి, బియ్యం సంచి పక్కన చతికిలబడింది. నన్ను తిట్టలేదు. అక్క విస్తరి ఏదని మనవణ్ణి అడిగి, వాడు చెయ్యి పట్టుకుని చూపిస్తే, దోసిలి నిండా బియ్యం తీసి అందులో పోసింది. మళ్లీ తీసి పోసింది. గుమ్మడి ముక్క బియ్యం కింద కనబడకుండా పోయింది. అయ్యగారు "చాలమ్మా" అన్నాడు. అమ్మ వినిపించుకోలేదు. విస్తరి నిండి బియ్యం గచ్చు మీద పడుతున్నా పోస్తూనే ఉంది. ఆయాసపడుతోందని నేను పక్కన కూచుని సంచి వంచబోయాను. అమ్మ నా చెయ్యి తీసి పక్కన పెట్టింది.