దరియాలతిప్ప నల్లరాయి

నాన్న పోయాక, ఆయన పోగుచేసుకున్న ఉల్కరాళ్లు కొనడానికి ఒకాయన వచ్చాడు. ఉల్కైతే ఇనుముంటుంది, అంటుకుంటుందని ఒక్కో రాయికీ అయస్కాంతం ఆనించి చూస్తున్నాడు. ఆ టక్కుమనే చప్పుడుకి చిన్నప్పటి సంగతి గుర్తొచ్చింది.

అమ్మ పోయిన వారానికి దరియాలతిప్ప ఏటిగట్టున నాకో నల్లరాయి దొరికింది. మా యానాంలో అంతా ఒండ్రుమట్టే, రాళ్లుండవు. ఆకాశం నుంచే పడి ఉంటుందనుకున్నాను. చుక్క రాలితే ఎవరో పోయినట్టని మామ్మ అంటుండేది.

"ఇది అమ్మ చుక్కేనా నాన్నా?"

నాన్న ఆ రాయిని అయస్కాంతానికి ఆనించి, పైకెత్తి చూపించాడు. "అంటుకుందమ్మా, చూడు. అమ్మదే."

నాన్న దూదిలో పెట్టి దాచిన ఆ రాయి ఇవాళ అంటుకోలేదు. "ఇది ఉత్త కంకరరాయండీ, పారేయండి" అన్నాడాయన.

ఏడుపు అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు. రాయిని మళ్లీ దాని దూదిలో పెట్టేశాను. ఆ రోజు రాయి పడిపోకుండా కింద ఆనించి ఉన్న నాన్న బొటనవేలు ఇప్పుడు కనిపించింది.