బామ్ సీసా ఏనుగు

ముందే చెప్పేస్తున్నాను, నా కొలతలు నమ్మకండి. పొద్దున నేను చూసిన పిల్లి సాయంత్రానికి చిరుతపులి అవుతుంది. మా వీధిలో పారిన వాననీళ్ళలో, రెండోసారి చెప్పేసరికి, పడవలు తిరుగుతుంటాయి. హైస్కూల్లో సోషల్ చెప్పి బతికినవాణ్ణి. చరిత్రలో ఉన్నవాటికంటే నా యుద్ధాల్లో ఏనుగులు ఎప్పుడూ ఎక్కువే. కాబట్టి చదివేవాళ్ళు ఎక్కడికక్కడ కొంత తరుగు తీసుకోవాలని మనవి.

నిన్న మా ఆవిడ తలనొప్పిగా ఉందని బామ్ సీసా మూత తీసింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే, "అమ్మో, ఏనుగు కదిలింది!" అన్నాను. ఆమె నన్ను చూసిన చూపుకి ఆ తలనొప్పి ఆమెను వదిలి నన్ను పట్టుకుంది. ఆమెకు ఈ కథ తెలుసు. మీకు తెలియదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో వనపర్తి దగ్గర ఒక సర్కారు బడిలో కొత్తగా చేరాను. అక్కడి హెడ్మాస్టరు శకుంతల మేడం. మనిషి ఎంత పొట్టి అంటే, కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకు అందేవి కావు. గొంతు మాత్రం, ప్రార్థన వేళ ఆమె "సావధాన్" అంటే రోడ్డు మీద పోయే గద్వాల బస్సు కూడా ఆగి నిటారుగా నిలబడేది. మధ్యాహ్నం గంట కొట్టగానే టిఫిను డబ్బాలు పక్కకు నెట్టి చదరంగం పరిచేది. ఆ పావుల్లో ఒక నల్ల ఏనుగు ఎప్పుడో పోయింది. దాని స్థానంలో ఒక చిన్న బామ్ సీసా నిలబడేది, అడుగున ఇంకా కొంచెం బామ్‌తో సహా. ఆ ఏనుగు కదిలినప్పుడల్లా స్టాఫ్ రూములో సగంమందికి జలుబు వదిలేది.

చేరిన కొత్తలోనే మా లెక్కల సారును ఓడించాను. ఆయన మంత్రిని నా గుర్రం పట్టేసింది. ఆ ఆటను వారం పాటు చెప్పాను. చెప్పిన కొద్దీ గుర్రం పెరిగింది, చివరకు గుమ్మంలో పట్టలేదు. ఒక మధ్యాహ్నం మేడం పిలిచింది.

"ఏం సోషల్ సారూ, మస్తు గెలిచినవంట గద?"

"ఊచకోతే మేడం."

"ఓడిన ఆటనైతే ఎవరన్న తిప్పి చూసుకుంటరు, నొప్పి ఉంటది గద. గెలిచిందాన్ని ఎవ్వరు చూడరు. పెట్టు, చూద్దాం."

జ్ఞాపకం మీద ఒక్కొక్క ఎత్తూ మళ్ళీ ఆడి చూపించాలి. ప్రతి ఎత్తుకీ ఆమె ప్రశ్న ఒకటే: "అప్పుడేం అనుకున్నవ్?" గుర్రాన్ని జరిపిన చోట ఛాతీ విరిచి, "ఇక్కడి నుంచే ఆయన మంత్రికి వల వేసిన మేడం" అన్నాను.

"అది నీకు తర్వాత తెలిసింది. అప్పుడు అనుకున్నది చెప్పు."

నేను పైకప్పు వైపు చూశాను. ఆమె ఎదురుచూసింది. ఆమె అలా ఎదురుచూస్తే గోడ గడియారం కూడా నిజం చెప్పేస్తుంది.

"ఏం తోచక జరిపిన మేడం."

"ఆఁ, గట్ల చెప్పు. ఇగ ఆగు." చదరంగం బల్లను అటుదిటు తిప్పింది. "ఇప్పుడు నువ్వు లెక్కల సారువి. ఏం చేస్తవ్?"

అవతలివాడి కళ్ళతో నా ఆటను చూడటం అదే మొదటిసారి. నా రాజు మూలన, తన మూడు బంట్ల వెనకే, ఊపిరాడకుండా ఇరుక్కుని ఉన్నాడు. ఆయన ఏనుగు నేరుగా నా వెనక వరుసలోకి దిగితే ఆట అక్కడే ఖతం. పక్కన తింటున్న లెక్కల సారు తొంగిచూసి, "అయ్యో, నేను గెలిచేటోన్ని గదనయ్యా!" అని చేతిలో ముద్దను ఒళ్ళో వదిలేశాడు.

"రాజు ముందటి బంటును ఒక్క గడి జరిపితే అది కిటికీ," అంది మేడం. "లోపలోనికి గాలి ఆడతది. నువ్వు కిటికీ లేని ఇంట్ల కూసోని కోట కట్టిన అంటున్నవ్."

ఇతరుల ఆటలను ఇలా విప్పేవాళ్ళు దొరుకుతారు. మేడం తన ఆటను తానే విప్పుకునే తీరు చూసినప్పుడే ఆమె ఎవరో నాకు అర్థమైంది. ఒకసారి డ్రిల్లు సారును చిత్తుగా ఓడించింది. మర్నాడు ప్రార్థనలో, బడి మొత్తం వరుసల్లో నిలబడి ఉండగా, ఆయనను వేలితో పిలిచింది. ఏదో మెమో ఇస్తుందని పాపం ఆయన విజిల్ జేబులో దాచుకున్నాడు.

"నిన్న నువ్వు గెలిచేటోనివి. రాత్రి తిప్పి చూసిన. నా ఒంటె పోయిన చోటు తప్పు. మధ్యాహ్నం గంటకు రా, చూపిస్త."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె ముఖం పోయిన చెవికమ్మ దొరికినట్టు వెలిగిపోయింది. గెలిచి మురిసేవాళ్ళను చూశాను. గెలిచాక తన తప్పు దొరికిందని మురిసే మనిషిని ఆ తర్వాత మళ్ళీ చూడలేదు.

ఇక నా అసలు బాధకు వస్తాను. మా అక్కను గద్వాలలో ఇచ్చాం. బావకు విత్తనాల దుకాణం. పండక్కి పోయినప్పుడల్లా చదరంగంలో ఓడించి, నాకు "గాలి సారు" అని పేరు పెట్టాడు. నాకు అప్పుడే పెళ్ళయింది. ఆ పేరు కొత్త భార్య చెవిన పడకూడదని దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. మేనల్లుడి పుట్టువెంట్రుకలు కృష్ణ ఒడ్డున సోమశిలలో తీయించారు. మేనమామను కాబట్టి పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. చుట్టాలందరి ముందూ బావ, "గాలి సారూ, జర గట్టిగ పట్టుకో. నీ గాలికి పోరడు కృష్ణల పడతడు!" అన్నాడు. అందరికంటే ముందు నవ్వింది మా ఆవిడే.

"బావా, ఇయ్యాల ఒక ఆట ఆడుదాం. నేను గెలిస్తే ఆ పేరు బంద్."

"ఓడితే?"

"ఓడితే ఆ పేరు నీ పత్తి విత్తనాల సంచుల మీద అచ్చేయించుకో."

నది ఒడ్డున చాప పరిచారు. చుట్టాలు, వంటవాళ్ళు, పడవవాళ్ళు, నా లెక్కలో అయితే సగం జిల్లా చుట్టూ మూగింది. నేను మొదట్లోనే నా రాజుకు కిటికీ తెరిచాను. పావులు ఒక్కొక్కటే రాలిపోయి, చివరకు ఇద్దరికీ చెరొక ఏనుగు, కొన్ని బంట్లు మిగిలాయి. బావ తన ఏనుగును దూరపు మూలకు పంపి నా బంటును ఒకదాన్ని తినేశాడు. నేను నా ఏనుగును తోశాను. అది నేరుగా ఆయన వెనక వరుసలోకి దిగింది. బావ రాజు మూడు బంట్ల వెనక, కిటికీ లేకుండా. "చెక్ మేట్!" అన్నాను. కృష్ణ ఆగింది. అవతలి ఒడ్డున బట్టలుతికేవాళ్ళు చప్పట్లు కొట్టారు. "ఇగ నువ్వు ఒట్టి సారువే, గాలి లేదు," అని బావ దండం పెట్టాడు.

ఇప్పుడు తరుగు లెక్క. గద్వాల బస్సు నిటారుగా నిలబడలేదు, కాస్త నెమ్మదించిందంతే. సీసా నిజం. ఒళ్ళో పడ్డ ముద్ద నిజం, ప్రార్థనలో చెప్పిన మాట నిజం. నేను పూర్తిగా కల్పించింది ఒకటే: ఆ చివరి ఎత్తు.

ఆ ఎత్తు సోమశిలలో పడలేదు. బావ నా బంటును తిని, చేయి తీసీ తీయకముందే, "బరాబర్ అనుకుందామా?" అని నవ్వుతూ చేయి చాపాడు. పరువు దక్కిందని గబగబా చేయి కలిపేశాను. ఎవరూ గెలవలేదు కాబట్టి పేరూ పోలేదు. సోమవారం మేడం ముందు ఆ ఆట పెట్టి చూపించాను. అక్కడికి రాగానే, "ఆగు," అంది.

"ఒక బంటు ఎక్కువున్నోడు బరాబర్ ఎందుకంటడు సారూ?"

"దయ తలచిండనుకున్న మేడం."

ఆమె నా ఏనుగుగా నిలబడ్డ బామ్ సీసాను రెండు వేళ్ళతో ఎత్తి, తీసుకెళ్ళి బావ వెనక వరుసలో పెట్టింది. గదంతా ఘాటు. బావ రాజు చచ్చిపోయాడు.

"నీ ఇంటికి కిటికీ పెట్టుకున్నవ్. ఆయనింటికి లేదని చూడలే. ఆయన చూసుకుండు, అందుకే చెయ్యి చాపిండు. చెప్పు, అప్పుడేం అనుకున్నవ్?"

జీవితంలో మొదటిసారి నా నోట కొలత పెరగని మాట వచ్చింది. "బావ మీద నేను గెలుస్తననే అనుకోలే మేడం."

ఆమె బావ రాజును బల్ల మీద పక్కకు పడుకోబెట్టింది.

"నోటికాడ గంత పెద్దగుంటవ్. బోర్డు కాడ గింత చిన్నగైనవేందయ్యా?"

బావ ఇప్పటికీ గాలి సారనే పిలుస్తాడు. ఆ పేరు నాకు తగినదే, వదులుకోను. కానీ ఎవరైనా నవ్వుతూ చేయి చాపి, సర్దుకుందాం అన్నప్పుడు మాత్రం వెంటనే కలపను. ముందు బల్ల తిప్పి, అవతలి కుర్చీలోంచి ఒకసారి చూస్తాను. ఎక్కడి నుంచో బామ్ వాసన వస్తుంది. ఈ ఒక్కదాంట్లో తరుగు తీయకండి.