తడిపిన చెనక్కాయల మూట

మా వదిన మనవరాలు తిరుపతిలో పశువుల డాక్టరు చదువు చదువుతోంది. మొన్న ఆదివారం ఇంటికి వచ్చి, నా ఇడ్లీ పళ్లెం పక్కనే ఫోను పెట్టి కోడిపిల్లల పేగుల బొమ్మలు చూపించింది. ఏడో తరగతిలోనే బడికి నమస్కారం పెట్టేసిన తాతకు పొద్దున్నే చూపించదగ్గ బొమ్మలే మరి! బాగున్న పేగు లోపలి గోడ కొత్త తువ్వాలులా నూగునూగుగా ఉంది. బూజు మేత తిన్న పిల్లది పాత బస్సు సీటులా అరిగిపోయి ఉంది. అదే మేతతో పాటు మొక్కల సారం కూడా తిన్న పిల్లది ఆ రెండింటికీ నడుమ ఉంది. పసుపులో, ఉసిరిలో, ద్రాక్ష గింజల్లో ఉండే యాంటీఆక్సిడెంట్లు బూజు విషానికి కొంతవరకు అడ్డం పడి పేగును కాపాడతాయట. నేనేదో వేళాకోళం ఆడబోయి ఆగిపోయాను. బూజు అన్న మాట వింటే ఈ వయసులో కూడా నాకు నవ్వు రాదు.

విత్తనానికి చెనక్కాయలు చేత్తో వొలిచిన బాధ మన ఈడు వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. తొలకరి వస్తోందంటే ఇంటిల్లిపాదీ గోతాల ముందు కూర్చోవాల్సిందే, రెండో రోజుకే బొటనవేళ్లు వాచి అన్నం కలపడానికి కూడా వంగేవి కావు. అప్పుడు నాకు ఇరవై ఏళ్లుంటాయేమో, మా నాయన నా వంతుకు ఒక మూట పడేశాడు. నీళ్లు చల్లితే తొక్క మెత్తబడి పని సులువవుతుందని ఎవరో చెప్పగా విని, రెండు బిందెలు గుమ్మరించి మూతి కట్టేసి, పొద్దున్నే వొలుద్దామనుకున్నాను. పొద్దున్నే స్నేహితులు పిలిస్తే కాణిపాకం పోయాను. అక్కడినుంచి, మామిడికాయల కాలం కాబట్టి, బంగారుపాళ్యంలో గుజ్జు ఫ్యాక్టరీ దగ్గర కాయలు దించే కూలి దొరికితే వారం ఉండిపోయాను.

తిరిగొచ్చి మూట విప్పితే వేడి ఆవిరి ముఖానికి కొట్టింది. లోపల కాయల మీద పచ్చటి బూజు. ఒక గింజ నాలుక మీద పెట్టుకుంటే కటిక చేదు. నాయన అడిగితే ఎలుకలు తినేశాయని, వాటికి పెళ్లిళ్లు కూడా నేనే చేశానని చెప్పి నవ్వించి తప్పించుకున్నాను. కాయలు దాచేదెక్కడ? గోనెపట్టతో బూజు తుడిచి, వొలిచి, ఎవరూ చూడకుండా రోజూ ఇన్ని ఆవు కుడితి తొట్టిలో వేస్తూ వచ్చాను. ఆ ఆవు మా వదినది. పుట్టింట్లో చేతులతో పెంచిన దూడను వెంట తోలుకొచ్చుకుంది, అది అప్పుడు తొలిసారి ఈని పాలిస్తోంది.

పది పన్నెండు రోజులకు ఆవు మేత మానేసింది. పాలు సగమయ్యాయి. నెమరు ఆగిపోయింది, కళ్లు పచ్చబడ్డాయి. వదిన దాని గంగడోలు పట్టుకుని కొట్టంలోనే కూర్చుంది, నేను ఆ వైపు చూడలేక దొడ్లో తిరుగుతూ ఉన్నాను. అన్న వెళ్లి డాక్టరును పిలుచుకొచ్చాడు. ఆయన కనురెప్ప ఎత్తి చూసి, బూజు పట్టిందేమన్నా తిన్నదా, దాచకుండా చెబితేనే దానికి తగిన మందు ఇవ్వగలనన్నాడు. గడ్డి, కుడితి తప్ప ఏమీ లేదన్నారు మా వాళ్లు. నేను దొడ్లోంచి కొట్టంలోకి వచ్చాను.

“నేనే పెట్టినాను సార్, బూజు చెనక్కాయలు” అన్నాను.

అన్న కస్సుమన్నాడు. “ఆవు సచ్చేటప్పుడు కూడా ఎకసెక్కమేనా రా నీకు?”

“లోపలికి పో రా, నీ ఎలకల పెళ్లిళ్ల కతలు ఈడ వొద్దు” అన్నాడు నాయన.

ఒట్టేసి చెప్పినా ఎవరూ వినలేదు. డాక్టరు నా వైపు ఒకసారి చూసి, మామూలు అజీర్ణం మందుకోసం సంచీలో చెయ్యి పెట్టాడు. వదిన మాత్రం నా ముఖం వైపే చూసింది. తర్వాత డాక్టరు వైపు తిరిగింది.

“నేనే పెట్టినాను సార్. కొంచెం బూజే కదా అని రోజూ కుడితిలో ఏసినాను” అంది.

ఆ మాటను మాత్రం అందరూ నమ్మారు. డాక్టరు చేతిలో మందు మారింది. నాయన అందరి ముందూ వదినను తిట్టిన తిట్లు నేను నిలబడి విన్నాను. ఆయన అటు పోయాక, ఎందుకట్ల చెప్పినావు వదినా అని అడిగాను.

“నువ్వు చెప్తే వీళ్లు నమ్మేలోపల పొద్దు గూకతాది. ఆవుకి అంత పొద్దు యాడుండాది అబ్బా?”

తగ్గేదాకా ఆ పాలు ఎవరూ తాగకూడదని డాక్టరు చెప్పాడు. వదిన పూటపూటా పాలు పిండి, నా ముందునుంచే తీసుకెళ్లి గుంతలో పోసి, నన్నొక్క మాటా అనకుండా లోపలికి వెళ్లేది. అంతకంటే చెంప మీద కొట్టి ఉంటే సుఖపడేవాణ్ణి. గట్ల మీద నేల ఉసిరి పీక్కొచ్చి, పసుపు చేర్చి నూరి, ముద్దలు చేసి ఆవు నాలుక మీద పెట్టేది. నేను మొక్కలు పీకి తెచ్చేవాణ్ణి, నూరేది ఆమె. నాలుగో రోజు పొద్దున కొట్టంలో నెమరు వేసే చప్పుడు వినిపించింది. నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. ఆవును నిలబెట్టింది డాక్టరు మందో, విషపు మేత ఆపడమో, ఆ పసరు ముద్దో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు.

మొన్న ఆ పేగుల బొమ్మలు చూశాక ఇదంతా పిల్లకు పూసగుచ్చినట్టు చెప్పాను. వదిన పోయి రెండేళ్లయింది, ఇంకా దాచి ఏం చేసుకోను? పిల్ల పకపకా నవ్వింది.

“పో తాతా, నీకన్నీ ఎకసెక్కాలే! ఆ కాయలు పెట్టింది అవ్వే. నాకు అవ్వే చెప్పింది. ఆ కత వినే కదా నేనీ సదువుకు వచ్చినాను.”

ఒట్టేశాను. ఇంకా నవ్వింది.

ఇప్పుడు మా ఊళ్లో కాయలు మిషను వొలుస్తోంది. ఎవరికీ వేళ్లు వాచవు, ఎవరూ నీళ్లు చల్లరు. గింజలు అంగట్లో ప్యాకెట్లలో మెరుస్తుంటాయి, నేను మాత్రం ఒకటి నాలుక మీద పెట్టి చూసుకోనిదే నమలను. అన్నీ సులువయ్యాయి, సంతోషమే. నేను నిజం చెప్పేటప్పుడు నా ముఖం చూసి పోల్చుకునే మనిషే లేదు.