వరి, గోధుమ, జొన్న, మినుము

నానిన మినప్పప్పు గ్రైండరులో తిరుగుతుంటే వచ్చే ఆ పచ్చి వాసన తగిలితే చాలు, తెనాలిలో మా పాత ఇల్లు కళ్ళ ముందుకొచ్చేస్తుంది. వెనక వరండాలో రుబ్బురోలు, దాని ముందు కూర్చుని ఒక చేత్తో పొత్రం తిప్పుతూ ఇంకో చేత్తో పిండి తోసే నాయనమ్మ, పక్కనే పీట మీద పరీక్షల పుస్తకం పైకి చదువుతూ నేను.

నేను ఐదో తరగతిలో ఉండగా, బాపట్ల వైపు ఒక హాస్టల్ బడిలో సీట్లకు పరీక్ష పెట్టారు. మా మాస్టారికి ఆ పరీక్షంటే దేవుడితో సమానం. వాళ్ళ తాతగారిని బడి గుమ్మం ఎక్కనివ్వలేదట. “పేపరు నీ ఇంటిపేరు అడగదమ్మా. ఆసామి కొడుక్కైనా కూలోళ్ళ పిల్లకైనా ఒకటే ప్రశ్న” అనేవారు. అందుకే మంచు ఇంకా విడవని పొద్దుల్లో, దుప్పట్లు కప్పుకుని తన అరుగు మీద ముడుచుకు కూర్చున్న మాకు, నాలుగు పేర్లిస్తే గుంపులో చేరని దాన్ని ఎలా పట్టుకోవాలో ఓపిగ్గా నేర్పేవారు.

నాయనమ్మ తెలివిని కొలిచే తీరే వేరు. పొడుపుకథ విప్పామా, చింతపిక్కల ఆటలో తొండి పట్టుకున్నామా, చుట్టాలొస్తే అడక్కుండా మంచినీళ్ళిచ్చామా అని చూసేది. ఆ లెక్కలో మా అన్నయ్య మొద్దు, నేను గడుసుపిండం. నా పుస్తకంలో ప్రశ్నలన్నిటికీ ఆవిడ దగ్గర జవాబుండేది. చిలక, కాకి, గబ్బిలం, పిచ్చుకల్లో చేరనిదేదంటే, పొత్రం ఆపకుండానే, “కాకేనే! తద్దినం నాడు పిలిచేది దాన్నొక్కదాన్నేగా?” అంది. నవ్వలేక చచ్చాను.

సెలవులకు రేపల్లె ప్యాసింజరెక్కి, రేపల్లె పక్కనే ఉన్న నాయనమ్మ పుట్టింటి ఊరు వెళ్ళేవాళ్ళం. అక్కడ వరి కోతకు ముందే, పైరు మధ్య తడి నేల మీద మినుములు చల్లేవారు. కోసిన వరి కుప్పకెక్కేసరికి మోళ్ళ మధ్య మినుము రెండాకులేసి పచ్చగా నవ్వేది. “వరి ఒళ్ళో పిల్లే మినుము” అనేది నాయనమ్మ.

పరీక్షకు బాపట్ల తీసుకెళ్ళింది కూడా ఆవిడే, డబ్బాలో నెయ్యీ కారప్పొడీ అద్దిన ఇడ్లీలతో. పేపరులో వచ్చింది ఆ ప్రశ్న: వరి, గోధుమ, జొన్న, మినుము. వరీ మినుమూ ఒకే చేలో పెరిగి ఒకే ఇడ్లీలో కలిసేవి. జొన్న మా గేదెల మేత. గోధుమ చేను మాత్రం నేనెన్నడూ చూసి ఎరగను. గోధుమకే టిక్కు పెట్టాను. తిరుగు రైలు కోసం ఆగిన ప్లాట్‌ఫారం మీద ఆ మాట చెబితే నాయనమ్మ, “మా తల్లే! తెలివంటే ఇదీ!” అని మెటికలు విరిచింది.

మర్నాడు మాస్టారు మా ఇంటికొచ్చి, నేను తెచ్చుకున్న ప్రశ్నల పేపరు చూసి, నా జవాబు విని నుదురు కొట్టుకున్నారు. “అయ్యో, మూడూ ధాన్యాలు, మినుమొక్కటే పప్పుదినుసు కదమ్మా!” ఆయనకు మజ్జిగ తెచ్చిన నాయనమ్మ గ్లాసు ఆయన ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

సీటు రాలేదు. “ఒక్క ప్రశ్నకే పోదండి, ఇంకెన్ని తప్పులున్నాయో” అని మాస్టారు ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. “దాని బుర్ర నిండా చేను కబుర్లు పోసింది నేనేగా మాస్టారూ” అంది. ఆ తర్వాత ఏం అడిగినా, “నన్నడక్కమ్మా, మీ మాస్టారినడుగు” అనేది. పొడుపుకథలు కూడా మానేసింది. “నువ్వు చెప్పలేదు నాయనమ్మా, నేనే ఆలోచించి పెట్టాను” అని ఆవిడ పోయేదాకా చెబుతూనే ఉన్నాను. “నా కోసం అంటున్నావులే” అనేది. సీటు పోయిన బాధ నాకు ఏడాదిలో తీరింది. ఆ నోరు మూగబోయిన బాధ ఇప్పటికీ తీరలేదు.

రుబ్బురోలు ఎటు పోయిందో తెలియదు. రేపల్లె వైపు ఆ చేలల్లో వరి తర్వాత ఇప్పుడు మొక్కజొన్న వేస్తున్నారు. ఇవాళ పొద్దున గ్రైండరు తిరుగుతుంటే, మా అమ్మాయి ఫోన్లో ఏదో పరీక్షకు సాధన చేస్తూ అదే ప్రశ్న చదివింది.

“నువ్వయితే ఏది పెడతావమ్మా?”

“గోధుమ.”

“తప్పు! ఎవరు చెప్పారేంటి నీకు?” అని పకపకా నవ్వింది.

“మా నాయనమ్మ” అన్నాను.